దిగాక తొమ్మిది సెకన్లు: గన్నవరంలో ఒక సెస్నా 172 ల్యాండింగ్ కేస్ స్టడీ

ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం నాలుగు గంటలప్పుడు గన్నవరం ఎయిర్‌పోర్టులో రన్‌వే 26 మీద ఒక సెస్నా 172ఎస్ దిగింది. నడుపుతున్నది సోలో క్రాస్‌కంట్రీ (ఒంటరిగా ఒక ఎయిర్‌ఫీల్డ్ నుంచి ఇంకోదానికి ఎగిరే శిక్షణ ప్రయాణం) మీద వచ్చిన ట్రైనీ. నేలను తాకిన తొమ్మిది సెకన్లకి విమానం రన్‌వే ఎడమ అంచుకు మూడు నాలుగు మీటర్ల దూరంలో, ముక్కు గడ్డి వైపు తిరిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. విమానం రన్‌వే దాటలేదు. పాడైంది ఒక్క టైరు.

టైరు మార్చి పంపేస్తే సరిపోయే విషయానికి ఇంత రాత ఎందుకంటే, చిన్న విమానాలు ల్యాండింగ్‌లో పడే ప్రమాదాల్లో తరచుగా కనిపించే రకం ఇదే. విమానం గాల్లో బాగానే ఉంటుంది, నేలను కూడా తాకుతుంది, ఆ తర్వాత దిశ తప్పుతుంది. చాలాసార్లు రెక్క నేలకు తగులుతుంది, ప్రొపెల్లర్ వంగుతుంది, ముందు చక్రం విరుగుతుంది. అప్పుడు ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో విడదీయడం కష్టం. ఈ కేసులో విమానం చెక్కుచెదరకుండా ఉంది, కాక్‌పిట్‌లోని జీ1000 అనే డిజిటల్ పరికరాల వ్యవస్థ సెకనుకొకసారి రాసుకున్న లెక్కలు ఉన్నాయి, రన్‌వే మీద రబ్బరు గీతలు ఉన్నాయి, దాపరికం లేకుండా మాట్లాడే పైలట్ ఉంది. ఈ నాలుగూ ఒక్కచోట దొరకడం అరుదు. ట్రైనీ అనుమతితోనే రాస్తున్నాను. ఆమె పేరు, ఆమె స్కూల్ పేరు ఇక్కడ అవసరం లేదు.

నేను ఆ స్కూల్ ఇన్‌స్ట్రక్టర్‌ని కాను. విజయవాడలో ఉంటాను కాబట్టి, విమానాన్ని చూసి, అమ్మాయితో మాట్లాడి, కారణం ఏమిటో రాసి ఇవ్వమని వాళ్ళు అడిగారు. జరిగింది నియమం ప్రకారం రిపోర్ట్ అయింది. ఇది ఆ అధికారిక రిపోర్ట్ కాదు, శిక్షణ కోణంలో నేను చేసిన పరిశీలన.

ముందు ప్రయాణం సంగతి. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 200 గంటల ఫ్లయింగ్ అడుగుతుంది. అందులో కనీసం 300 నాటికల్ మైళ్ళ క్రాస్‌కంట్రీ ఒకటి, రెండు వేర్వేరు ఏరోడ్రోముల్లో పూర్తిగా ఆగే ల్యాండింగ్‌లతో, పైలట్-ఇన్-కమాండ్‌గా చెయ్యాలి. ఆమె చేస్తున్నది అదే. 120 గంటల అనుభవం ఉంది. అందులో ఎక్కువ భాగం తన స్కూల్ ఎయిర్‌ఫీల్డ్‌లోనే. అక్కడి రన్‌వే వెడల్పు గన్నవరం రన్‌వేలో దాదాపు సగం. గన్నవరం రన్‌వే వెడల్పు 45 మీటర్లు, పొడవు 3,360 మీటర్లు. చిన్న విమానానికి ఆ పొడవులో వరసగా నాలుగైదు ల్యాండింగ్‌లు పడతాయి.

ఆమె సొంతూరు గుంటూరు దగ్గరే. మావయ్య గుంటూరులో ఉంటారు. చిన్నప్పుడు విజయవాడ వెళ్తూ చూసిన ప్రకాశం బ్యారేజీని పైనుంచి చూడటం అదే మొదటిసారి అని చెప్పింది. టెన్షన్ ఉందా అని అడిగితే, లేదు సర్, సంతోషంగా ఉంది అంది. ఆ మాట నేను నమ్ముతున్నాను. రేడియోలో ఆమె గొంతు కుదురుగా ఉందని ఆ రోజు విన్నవాళ్ళు కూడా చెప్పారు.

ఇక గాలి. మన కోస్తాలో ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లోపలికి వస్తుంది. గన్నవరం తీరానికి కాస్త దూరమే అయినా సాయంత్రానికి పైరగాలి అక్కడికీ చేరుతుంది. ఊళ్ళో జనానికి అది హాయి. తూర్పు పడమరలుగా ఉన్న రన్‌వే మీద దిగే చిన్న విమానానికి మాత్రం అది పక్కగాలి. టవర్ చెప్పిన గాలి 190 డిగ్రీల నుంచి 11 నాట్లు (ఒక నాట్ గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు), విసురు 16. రన్‌వే దిశ 260 కాబట్టి తేడా 70 డిగ్రీలు, అంతా ఎడమ వైపు నుంచే. పక్కకు నెట్టే భాగం పది నాట్ల పైన, విసురు వచ్చినప్పుడు పదిహేను. సెస్నా 172ఎస్ పుస్తకంలో, నిరూపించి చూపిన క్రాస్‌విండ్ అని రాసింది 15 నాట్లు. అది చట్టం గీసిన గీత కాదు, కంపెనీ పైలట్ దిగి చూపించిన గాలి. అయినా 120 గంటల ట్రైనీకి అది తన హద్దు అనుకోవడమే మంచిది. ఆ సాయంత్రం గాలి ఆ హద్దును తాకుతూ ఉంది, దాటలేదు.

ఎండ 38 డిగ్రీలు. గన్నవరం సముద్రమట్టానికి పాతిక మీటర్లే ఎత్తు, కానీ అంత వేడిలో గాలి పల్చబడి విమానం సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. స్పీడోమీటర్‌లో 70 నాట్లు కనిపిస్తే గాల్లో అసలు వేగం ఇంకో మూడు నాట్లు ఎక్కువ. పెద్ద తేడా కాదు, కానీ ఆ రోజు లెక్కలన్నీ ఒకే వైపు పేరుకుంటూ వచ్చాయి.

వెనకాల ఒక ఏటీఆర్ ప్రయాణికుల విమానం వస్తోందని ఆమె రేడియోలో విన్నది. తొందరపడమని ఎవరూ చెప్పలేదు. తనే, నా వల్ల వాళ్ళు ఆలస్యం కాకూడదు అనుకుని ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలో, వేగం తగ్గించలేదు. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందకు దిగే పలకలు) 30 డిగ్రీలతో ఈ విమానానికి పుస్తకం చెప్పే అప్రోచ్ వేగం 60 నుంచి 70 నాట్లు. విసురుగాలికి రెండు మూడు కలుపుకున్నా 68 దగ్గర ఉంటే బాగుండేది. రన్‌వే మొదలు దాటేటప్పుడు లాగ్‌లో 76 ఉంది. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 68 కన్నా 76 దగ్గర విమానంలో పాతిక శాతం ఎక్కువ శక్తి ఉంది. అదంతా కిందకు దిగాక ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి.

ఫ్లాప్స్ మీద ఇంకో మాట. బలమైన పక్కగాలిలో, రన్‌వే పొడవుకు ఎంత తక్కువ ఫ్లాప్ సరిపోతే అంతే వాడమని పుస్తకంలోనే ఉంది. 3,360 మీటర్ల రన్‌వే మీద పూర్తి ఫ్లాప్ అక్కర్లేదు. కానీ స్కూల్‌లో ప్రతి ల్యాండింగ్ 30తోనే చేసింది, చెయ్యి అలవాటుగా 30కి వెళ్ళింది.

ఇప్పుడు ఫ్లేర్, అంటే నేలను తాకే ముందు ముక్కు ఎత్తి దిగే వేగం తగ్గించడం. ఇరుకు రన్‌వేకి అలవాటైన కంటికి వెడల్పు రన్‌వే చూస్తే, అప్పటికే బాగా కిందకు వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఈ భ్రమ పాఠాల్లో చెబుతారు, పరీక్షలో అడుగుతారు, అందరూ సరిగ్గానే రాస్తారు. కాళ్ళ కింద 45 మీటర్ల తారు పరుచుకుని కనిపించినప్పుడు మాత్రం పాఠం గుర్తుండదు. ఆమె ఎత్తులోనే ముక్కు ఎత్తింది. వేగం ఎక్కువ ఉంది కాబట్టి విమానం దిగకుండా మళ్ళీ పైకి లేచింది. మేం దాన్ని బెలూన్ అంటాం. లాగ్‌లో రెండు సెకన్లు విమానం పైకి ఎక్కుతున్నట్టు ఉంది.

నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో తేలికైన, చవకైన పరిష్కారం ఆ రెండు సెకన్లలో ఉంది. ఫుల్ థ్రాటిల్, ఫ్లాప్స్ 20కి, కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక, పాదాలతో నడుస్తుంది), 60 నాట్లతో ఎక్కి ఇంకోసారి రావడం. ఏటీఆర్‌ని టవర్ చూసుకుంటుంది, అది వాళ్ళ పని. దీన్నే గో-అరౌండ్ అంటాం. అది ఎందుకు చెయ్యలేదు అని అడిగాను. "రన్‌వే చాలా ఉంది కదా సర్, దిగిపోతుందిలే అనుకున్నా" అంది. నిజమే, ముందు ఇంకా 2,500 మీటర్లకు పైగా ఉంది. పొడవుకు కొరత లేదు. కొరత ఉన్నది వెడల్పుకి, దాని గురించి ఆ క్షణంలో ఎవరూ ఆలోచించరు.

పైకి లేచిన విమానాన్ని దించడానికి యోక్ (చేతులతో పట్టుకునే కంట్రోల్) ముందుకు తోసింది. ముక్కు వంగింది. 66 నాట్ల దగ్గర ముందు చక్రం మొదట తాకింది, వెనక ఉండే రెండు మెయిన్ వీల్స్ ఆ తర్వాత, తేలిగ్గా. అప్పటికి ముక్కు రన్‌వే దిశకి ఆరు డిగ్రీలు ఎడమకు తిరిగి ఉంది. పక్కకు కొట్టుకుపోకుండా ఫైనల్‌లో ముక్కును గాలి వైపు తిప్పి పెట్టుకున్న కోణం అది, క్రాబ్ అంటాం. పైన గాలి గట్టిగా ఉన్నప్పుడు పెట్టుకున్న కోణం, నేల దగ్గర గాలి కాస్త తగ్గేసరికి ఎక్కువైంది. విమానం సెంటర్‌లైన్ నుంచి కొంచెం ఎడమకు జరిగింది కూడా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి యంత్రం సంగతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దీని మీదే ఆధారపడింది. సెస్నా లాంటి విమానంలో బరువు కేంద్రం మెయిన్ వీల్స్‌కి కాస్త ముందు ఉంటుంది. మెయిన్ వీల్స్ మీద దిగితే, కొద్దిగా వంకరగా తాకినా, ముందున్న బరువు విమానాన్ని తిన్నగా లాగుతుంది. బండిని ముందు నుంచి తాడు కట్టి లాగితే వెంట వస్తుంది, వెనక నుంచి ఒక్క చోట చెయ్యి పెట్టి నెడితే పక్కకు తిరగబోతుంది. యోక్ ముందుకు తోసి బరువంతా ముందు చక్రం మీద వేస్తే, మెయిన్ వీల్స్ తేలిపోతాయి, విమానం ముందు చక్రం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ఇప్పుడు బరువు ఆ చక్రానికి వెనక ఉంది. అంటే, తనంతట తాను సర్దుకునే విమానం, చిన్న తప్పును పెద్దది చేసే విమానంగా మారిపోయింది.

నాకు నేర్పిన పెద్దాయన హెచ్‌ఏఎల్ పుష్పక్ మీద నేర్చుకున్నవారు. 1958లో మొదటిసారి ఎగిరిన ఆ విమానానికి మూడో చక్రం తోక కింద ఉండేది. ఆ రకంలో బరువు ఎప్పుడూ మెయిన్ వీల్స్‌కి వెనకే, కాబట్టి నేల మీద ప్రతి గజమూ పాదాలతో నడపాల్సిందే. లేకపోతే గిర్రున తిరిగిపోతుంది. ఆ తరం వాళ్ళ పాదాలు ఆగకుండా పనిచేసేవి. ముందు చక్రం విమానాలు వచ్చి మన పాదాలకు విశ్రాంతి ఇచ్చాయి. మంచిదే. కానీ ముక్కు మీద దిగిన రోజు మన సెస్నా కూడా పుష్పక్‌లాగే ప్రవర్తిస్తుంది, అందుకు సిద్ధంగా ఉన్న పాదాలు మన దగ్గర ఉండవు.

ఇక తొమ్మిది సెకన్లు. మొదటి సెకను ఆరు డిగ్రీలు ఎడమ, రెండో సెకను పది డిగ్రీలు ఎడమ. గాలి తోకను నెడితే ముక్కు గాలి వైపు తిరుగుతుంది, ఇది అదే. మూడో సెకనుకు మూడు డిగ్రీలు కుడి. నాలుగో సెకనుకు పన్నెండు డిగ్రీలు కుడి. తర్వాత ఐదు కుడి, తొమ్మిది ఎడమ, ఇరవై నాలుగు ఎడమ, ముప్పై ఎనిమిది ఎడమ, నలభై ఒకటి ఎడమ. ఆగింది. వేగం 66 నుంచి సెకనుకు నాలుగైదు నాట్లతో మొదలై చివర్లో తొమ్మిది పది నాట్ల చొప్పున పడిపోయింది. చివరి మూడు సెకన్లలో అంత వేగంగా పడిపోవాలంటే బ్రేకులు గట్టిగా పట్టి ఉండాలి.

"గాలి లాగేసింది సర్." నాతో ఆమె చెప్పిన మొదటి మాట అది. అబద్ధం చెప్పడం లేదు, తనకు అనిపించినదే చెప్పింది.

విమానాన్ని ఇంజనీరుతో కలిసి చూశాను. ముందు యంత్రం తప్పు ఉందేమో తేల్చాలి, లేకపోతే మనిషి మీద నింద వేయడం న్యాయం కాదు. ముందు టైరులో 45 పీఎస్‌ఐ, కుడి మెయిన్‌లో 42, పుస్తకంలో ఉన్నట్టే. ముందు చక్రం స్టీరింగ్ రాడ్లు, చక్రం ఊగకుండా ఆపే షిమ్మీ డ్యాంపర్ బాగున్నాయి. రెండు వైపులా బ్రేకులు సమానంగా పడుతున్నాయి, వదిలితే సమానంగా వదులుతున్నాయి. ముక్కు మీద దిగిన సెస్నాలో తప్పకుండా చూడాల్సింది ఫైర్‌వాల్, ఇంజన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉండే రేకు గోడ. ముందు కాలు దానికే బిగించి ఉంటుంది కాబట్టి దెబ్బ గట్టిగా తగిలితే ఆ రేకు ముడత పడుతుంది. బయట నుంచి ఏమీ కనిపించకపోవచ్చు. ఇంజన్ మీది మూత (కౌలింగ్) విప్పి, టార్చి వేసి, వేళ్ళతో తడిమి చూశాం. ముడత లేదు.

చెప్పాల్సిన కథంతా ఎడమ టైరు చెప్పింది. దాని మీద అరచేయంత మేర రబ్బరు చెక్కేసినట్టు చదునుగా అయింది. టైరు చుట్టూ ఉండే గాళ్ళు అక్కడ పూర్తిగా మాయమయ్యాయి, మధ్యలో లోపలి దారాల అల్లిక బయటపడింది. చదును అంచుల్లో రబ్బరు నలుసులు ఇంకా అంటుకుని ఉన్నాయి, గోటితో గీరితే రాలాయి. టైరును చేత్తో నెమ్మదిగా తిప్పి చూశాను. అలాంటి మచ్చ ఇంకోటి లేదు. బ్రేకు వదిలి మళ్ళీ పట్టి ఉంటే చక్రం కొంత తిరిగి, రెండు మూడు చోట్ల మచ్చలు పడేవి. ఒకే ఒక్క మచ్చ ఉందంటే చక్రం ఒక్కసారి బిగుసుకుని విమానం ఆగేదాకా తిరగనే లేదు.

కుడి టైరు మీద మచ్చ లేదు, పైపైన రాసుకున్న గుర్తు మాత్రం ఉంది. రన్‌వే తనిఖీకి వెళ్ళిన సిబ్బంది తీసిన ఫోటోల్లోనూ అంతే. ముందు కుడి చక్రం వేసిన చిన్న నల్ల గీత, కాస్త దూరం తర్వాత ఎడమ చక్రం వేసిన పొడవాటి గీత, విమానం ఆగిన చోటుదాకా వంపు తిరుగుతూ. పెడల్ ఎంత నొక్కారో, బ్రేకు పట్టారో లేదో జీ1000 రాయదు. అది రన్‌వే రాసి పెట్టింది.

మర్నాడు పొద్దున్న గుంటూరులో వాళ్ళ మావయ్య ఇంటికి వెళ్ళాను. ఎండ ముదరక ముందే డాబా మీద కూర్చున్నాం. కాగితం మీద గ్రాఫులు చూపిస్తే ఆమె తల ఊపుతుంది కానీ లోపలికి వెళ్ళదని నాకు తెలుసు. అందుకని వాళ్ళ అత్తయ్యని అడిగి ముగ్గుపిండి తెప్పించి, రన్‌వేని పదో వంతుకి కుదించి నాలుగున్నర మీటర్ల వెడల్పుతో రెండు గీతలు, మధ్యలో సెంటర్‌లైన్ గీశాం. ఒక్కో సెకనుకి ఒక్కో చీపురుపుల్ల. లాగ్‌లో ముక్కు ఎటు ఉందో పుల్ల అటు పెట్టాలి. నేను అంకె చదివాను, ఆమె ప్రొట్రాక్టర్‌తో కొలిచి పుల్ల పెట్టింది.

మొదటి రెండు పుల్లలు ఎడమకు. మూడోది పెట్టి నాలుగోదాని అంకె విన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది.

"గాలి ఎడమ నుంచే కదా సర్. మరి కుడికి ఎందుకు వెళ్ళింది?"

నేనేమీ అనలేదు. వాళ్ళ మావయ్య అప్పటిదాకా పిట్టగోడకు ఆనుకుని చూస్తున్నారు. ఆయనకి విమానాల గురించి ఏమీ తెలియదు. "ఇన్ని పుల్లల్లో గాలి పుల్లలు ఏవండీ?" అని అడిగారు. నేను అడగాలనుకున్నదే ఆయన నాకంటే బాగా అడిగారు. ఆమె మొదటి రెండు పుల్లలూ చూపించింది. "మిగతావి నేనే, మావయ్యా" అంది.

అక్కడి నుంచి మాట్లాడటం తేలికైంది. పదో డిగ్రీ దగ్గర ఆమె కుడి పెడల్ గట్టిగా తొక్కింది. తొక్కాల్సిందే, కానీ ఎంత అన్నది ప్రశ్న. పాదం ఎక్కడ ఉంది అని అడిగాను. కుర్చీలో కూర్చోబెట్టి, గోడకు ఒక ఇటుక నిలబెట్టి, ల్యాండింగ్‌లో పెట్టినట్టే పెట్టమన్నాను. మందపాటి స్పోర్ట్స్ షూ వేసుకుని మడమ పైకెత్తి పాదమంతా ఇటుక మీద ఆనించింది. టాక్సీ చేసేటప్పుడు అలా పెట్టుకోవడం ఆమెకి అలవాటు. సెస్నాలో పెడల్ కింది భాగం నొక్కితే రడ్డర్, పైభాగం నొక్కితే బ్రేకు. మడమ నేల మీద ఆనించి, బొటనవేలి మొదలు కింది కమ్మీ మీద పెట్టుకుంటే బ్రేకు పొరపాటున పడదు. ఆమె పెట్టినట్టు పెడితే రడ్డర్ తొక్కిన ప్రతిసారీ బ్రేకు కూడా పడుతుంది. పైగా యోక్ ముందుకు ఉన్నందువల్ల మెయిన్ వీల్స్ మీద బరువు లేదు. బరువు లేని చక్రం కొంచెం బ్రేకుకే బిగుసుకుంటుంది.

అలా కుడి బ్రేకు పడి విమానం కుడికి విసిరింది. భయపడి ఎడమ పెడల్ తొక్కింది, ఎడమ బ్రేకు పడింది, ఈసారి గాలి కూడా అటే తోడైంది. ఎడమ చక్రం బిగుసుకుపోయింది. జారుతున్న టైరు దిశను పట్టుకోలేదు. పాదం ఒక్కసారి వదిలి ఉంటే చక్రం మళ్ళీ తిరిగి పట్టు దొరికేది. టెన్షన్‌లో పాదం వదలదు, ఇంకా గట్టిగా తొక్కుతుంది.

వెడల్పు సంగతి కూడా డాబా మీదే లెక్క వేశాం. 50 నాట్లంటే సెకనుకి దాదాపు 26 మీటర్లు. ముక్కు పది డిగ్రీలు పక్కకు ఉండి విమానం అటే వెళ్తే సెకనుకి నాలుగున్నర మీటర్లు పక్కకు జరుగుతుంది. సెంటర్‌లైన్ నుంచి అంచుకి ఇరవై రెండున్నర మీటర్లు. అంటే ఐదు సెకన్లు. ఆమె స్కూల్ రన్‌వేలో అయితే రెండున్నర. ఆమె చాలాసేపు ముగ్గు గీతల వైపే చూసింది.

ఇంకో రెండు విషయాలు తను చెబితేనే తెలిశాయి. ఒకటి, దిగాక యోక్‌ని మధ్యలోకి తెచ్చి వదిలేసింది. ఎడమ గాలిలో దిగాక యోక్ ఎడమకు తిప్పి పట్టుకోవాలి, వేగం తగ్గే కొద్దీ ఐలరాన్ (యోక్ తిప్పితే కదిలే రెక్క అంచు పలక) పనితనం తగ్గుతుంది కాబట్టి ఇంకా ఇంకా తిప్పుతూ చివరికి పూర్తిగా. లేకపోతే గాలి ఎడమ రెక్క కిందకు దూరి ఎత్తుతుంది, ఎడమ చక్రం మీద బరువు ఇంకా తగ్గుతుంది. రెండోది నాకు మరీ ముఖ్యంగా అనిపించింది. మూడో సెకను దగ్గర ఆమె కుడి చెయ్యి ఫ్లాప్ లివర్ మీదకు వెళ్ళింది, కళ్ళు కూడా లోపలికి వెళ్ళాయి. తల ఎత్తేసరికి ముందు గడ్డి కనిపించింది.

ఆ చెయ్యి ఎందుకు వెళ్ళింది? ఇక్కడే ఈ కేసులో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. ఆమె లాగ్‌బుక్‌లో ల్యాండింగ్‌లు వందల్లో ఉన్నాయి. వాటిలో చాలా భాగం టచ్ అండ్ గో. చక్రాలు తాకగానే ఫ్లాప్స్ తియ్యి, థ్రాటిల్ తొయ్యి, మళ్ళీ ఎక్కు. అంటే 60 నాట్ల నుంచి 20 నాట్ల దాకా విమానాన్ని నేల మీద తిన్నగా ఉంచే పని ఆమె చేసింది చాలా తక్కువ సార్లు. అది కూడా ఎక్కువగా పొద్దున్నపూట, గాలి లేనప్పుడు. పైగా తాకగానే కళ్ళు లోపలికి, చెయ్యి లివర్ మీదకు వెళ్ళాలని వందల సార్లు సాధన చేసింది. గన్నవరంలో ఆమె శరీరం బాగా నేర్చుకున్న పాఠమే చేసింది. ఆ పాఠం నేర్పింది మా ఇన్‌స్ట్రక్టర్ల లోకమే.

టచ్ అండ్ గో మీద నాకు కోపం లేదు. గంటకి వేలల్లో ఫీజు కట్టే తల్లిదండ్రులకి, ఆ గంటలో రెండు మూడు ల్యాండింగ్‌లు ఎక్కువ రావడం చిన్న విషయం కాదు. అప్రోచ్, ఫ్లేర్ నేర్పడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ సోలో క్రాస్‌కంట్రీకి పంపే ముందు కనీసం సగం ల్యాండింగ్‌లు పూర్తిగా ఆగేవి అయి ఉండాలి, వాటిలో కొన్ని సాయంత్రం పక్కగాలిలో అయి ఉండాలి అన్నది నా గట్టి అభిప్రాయం. స్కూల్‌కి రాసి ఇచ్చిన కాగితంలో మొదటి వాక్యం అదే.

టైరు మార్చాక, అనుమతులు వచ్చాక, ఆమెని ఎడమ సీట్లో కూర్చోబెట్టుకుని నేనే విమానాన్ని స్కూల్‌కి చేర్చాను. మళ్ళీ శిక్షణ అక్కడే మొదలైంది. ముందు సీటు సర్దుకోవడం. సీటు దగ్గరగా ఉంటే మోకాలు వంగి పాదం పైకి వస్తుంది, కాబట్టి పెడల్ పూర్తిగా తొక్కినా మడమ నేల వదలని దూరంలో సీటు. పల్చటి అడుగు ఉన్న బూట్లు. ఫైనల్‌లో ఒక మాట పైకి అనాలి, "మడమలు కింద" అని. చెక్‌లిస్టులో లేని మాట, కానీ నేను చేర్పించాను.

తర్వాత, దిగకుండా రన్‌వే మీద మీటరు ఎత్తులో ఆ చివరిదాకా ఎగరడం. ఫ్లాప్స్ 10, కొంచెం పవర్. ఎడమ గాలి ఉంటే ఎడమ రెక్క దించి, కుడి రడ్డర్‌తో ముక్కు తిన్నగా ఉంచి, చూపు రన్‌వే చివర మీద పెట్టి. ముందున్న తారు వైపు చూస్తే జారడం ఆలస్యంగా తెలుస్తుంది. చూపు దూరంగా ఉంటే మూడు నాలుగు అడుగులు జరిగినా తెలిసిపోతుంది. ఈ ఒక్క సాధనలో రెండు చేతులూ రెండు కాళ్ళూ వేర్వేరు పనులు చెయ్యడం అలవాటవుతుంది. నా అనుభవంలో క్రాస్‌విండ్‌కి ఇంతకు మించిన మందు లేదు. మొదట్లో ఆమె రెక్క దించగానే పాదం మర్చిపోయేది, పాదం తొక్కగానే రెక్క లేచిపోయేది. రెండో రోజుకి కుదిరింది.

ఆ తర్వాతే ల్యాండింగ్‌లు, అన్నీ పూర్తిగా ఆగేవి. ఎడమ చక్రం ముందు, తర్వాత కుడి చక్రం, ముక్కు దాని బరువుకు అదే దిగాలి. ఆగేదాకా యోక్ వెనక్కి, గాలి వైపుకి. బ్రేకు, వేగం బాగా తగ్గి విమానం తిన్నగా ఉన్నాకే. ఫ్లాప్ లివర్ ముట్టుకోవడం రన్‌వే వదిలి టాక్సీవే మీద ఆగాకే. ఒకసారి చెయ్యి అలవాటుగా కదిలింది. నేను అనకముందే వెనక్కి తీసుకుంది.

బెలూన్‌ని నేనే కావాలని చేసి చూపించాను, చెప్పకుండా. ఎప్పుడు లేపినా ఆమె పని ఒక్కటే, గో-అరౌండ్ అని పైకి చెప్పి ఫుల్ థ్రాటిల్ ఇవ్వడం. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. తక్కువ వేగంలో ఫుల్ పవర్ ఇస్తే ఇంజన్ ముక్కుని ఎడమకు లాగుతుంది, ఎడమ గాలి కూడా అటే లాగుతుంది. కుడి పాదం థ్రాటిల్‌తో పాటే వెళ్ళాలి. అందుకే నేల మీద అప్పటికే పక్కకు విసిరిన విమానాన్ని పవర్ ఇచ్చి కాపాడదామనుకోవడం చాలాసార్లు ఇంకా చెడగొడుతుంది. ఆ నిర్ణయానికి సమయం గాల్లో ఉన్నప్పుడే.

వాళ్ళ మావయ్య ఒకసారి ఫోన్ చేసి, "ఇంకా పంపమంటారా అండీ అమ్మాయిని?" అని అడిగారు. పంపమన్నాను. తప్పు ఎక్కడుందో పుల్లలు పెట్టి తనే చూపించిన పిల్ల, ఏమీ జరగని పది మంది కంటే నాకు నమ్మకమైన పైలట్. ఆమె ఆ 300 మైళ్ళ ఫ్లయిట్‌ని తర్వాత పూర్తి చేసింది.

కోస్తాలో నేర్పే తోటి ఇన్‌స్ట్రక్టర్లకి చివరగా ఒక పని సూచన. మీ విమానంలో జీ1000 ఉంటే, సోలో నుంచి రాగానే కార్డు తీసి అప్రోచ్ వేగం కంటే ముందు రోల్‌అవుట్, అంటే దిగాక నేల మీద పరుగు, చూడండి. టచ్‌డౌన్ నుంచి 20 నాట్ల దాకా హెడింగ్ (ముక్కు ఉన్న దిశ), పక్కకు పడిన బలం, ఈ రెండు వరుసలు చాలు. హెడింగ్ రెండు మూడు డిగ్రీల్లోనే ఉంటే ఆ ట్రైనీ పాదాలు పని చేస్తున్నట్టు. ఐదు దాటి అటూ ఇటూ ఊగుతుంటే, ల్యాండింగ్ ఎంత మెత్తగా ఉన్నా సరే, తర్వాతి సోలోకి ముందు ఒక సాయంత్రం ఆ ట్రైనీని మీ పక్కన కూర్చోబెట్టుకుని పైరగాలిలోకి తీసుకెళ్ళండి.